కొసరు

నరసన్నపేటలో మా సందుకి పంచాయతీ పెట్టిన పేరొకటుంది,
పోస్టుమేనుకి తప్ప ఎవరికీ అక్కర్లేదు.
ఆటో ఎక్కి కూర్మయ్య కొట్టు అంటే చాలు,
దిగేది మా గుమ్మంలోనే.

ఆరు చెక్క పలకలు. ఒక్కోదాని వెనక సుద్దతో ఒక్కో అంకె.
పొద్దున్నే వరసగా తీసి గోడకి జేరేస్తాడు.
నాలుగోదాని మీద తొమ్మిదని ఉంటుంది.
ఎందుకో ఎప్పుడూ అడగలేదు.

లోపలి చీకటికి ఒక వాసన:
ఎండుమిరప, ఇంగువ,
అమ్మడం మానేసి పదేళ్లయినా
నేలని విడవని కిరసనాయిలు.
కందిపప్పు బస్తా మీద పిల్లి.
పప్పు కావాలంటే పిల్లి లేవాలి,
అది లేవదు కనక
ఆ పూట పెసరపప్పే వండుకోవాలి.

కాపరానికొచ్చిన కొత్తలో
అరకిలో పంచదార అంటే కళ్లజోడు పైనుంచి చూసి
"మీ అత్త పావే అట్టికెల్తాదమ్మా, సుగరు కదేటి" అన్నాడు.
నలుగురి ముందూ.
అంత కోపం నాకెప్పుడూ రాలేదు.
ఆ రోజు పావుకిలోతోనే ఇంటికొచ్చి
ఆవిడ టీలో అర చెంచా తగ్గించాను.

బైపాసు దగ్గర ఏసీ షాపు తెరిచారు.
వెళ్లాను, బండి తోసుకుంటూ తిరిగాను.
ఎవరి అత్తకి ఏ జబ్బుందో అక్కడెవరికీ పట్టదు.
హాయిగానే ఉంది, అబద్ధమెందుకు.
ఇంటికొచ్చాక
దారం లేని సంచులు, చదవడానికేమీ లేని సంచులు.

కూర్మయ్య చేతులు చూడాలి.
పాత పరీక్ష పేపరు చింపి శంఖంలా చుట్టి
జీలకర్ర పోసి మూతి మడిచి
దూలానికి వేలాడే ఉండనుంచి దారం లాగి
మూడు చుట్లు, ఒక తెంపు.
విప్పితే ఎవరో పిల్లాడి గుప్తుల స్వర్ణయుగం,
పదికి నాలుగు.

నిరుటి వానలప్పట్నుంచి
ధరలు వెనక్కి నడవడం మొదలెట్టాయి.
ముందు పసుపు. తర్వాత బట్టల సబ్బు.
ఒక సాయంత్రం లీటరు నూనె డెబ్భై రెండన్నాడు.
కొంటున్నది కళాసీ దాలినాయుడు,
రూపాయి తగ్గించమని పావుగంట నిలబడే మనిషి.
ప్యాకెట్టు చూశాడు, కూర్మయ్యని చూశాడు, నన్ను చూశాడు.
నూట నలభై లెక్కపెట్టి
గల్లాపెట్టెలో తనే వేసి
"సరిపోనాయి మావా" అని వెళ్లిపోయాడు.

అప్పట్నుంచి మా సందులో బేరం తిరగబడింది.
ఆయన తగ్గిస్తాడు, మేం పెంచుతాం.
ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు.
అప్పు పుస్తకంలో మా పేర్లుండవు:
'నీలం గేటు', 'నల్లకుక్క మేడ', 'కుట్టుమిషను'.
పక్కనున్న అంకెల్ని
మాకు మేమే దిద్దుకుంటాం, ఆయన పిల్లిని అదిలించే లోపు.

డబ్బులొస్తే పలికే డబ్బాని మనవడు తెచ్చి పెట్టాడు.
దానికి నోరు కట్టుకోవడం తెలీదు.
ఉప్మారవ్వ ఇరవై రెండని ఆయనంటే
నా ఫోను చూసి అది అరిచింది,
"నలభై ఎనిమిది రూపాయలు అందాయి."
నా గుండె ఆగింది.
ఆయన దానివైపు జాలిగా చూశాడు.
"దీనికి మతి పోతన్నాదమ్మా. కొత్తదే, అప్పుడే సూడు."
"అవును మావయ్యా, పాపం" అన్నాను.
"పోనీలే, అలగుండనీ. దాన్నేటీ అనకండి."

ధరలు మరిచాడు.
మా అత్త పోయిన సంగతి మరిచాడు,
ఇంకా పావే తూస్తాడు, నేనూ పావే తెచ్చుకుంటాను.
కొసరు మాత్రం మరవలేదు.
ముల్లు నిలబడి, తూకం సరిపోయి,
మనం సంచి మూతి దగ్గరికి లాక్కున్నాక
ఆ చెయ్యి ఇంకొక్కసారి బస్తాలోకి వెళ్తుంది.

నిన్న పొట్లం విప్పాను.
అడిగింది ఆవాలు, ఉన్నవి మెంతులు,
మధ్యలో చిన్న బెల్లం ముక్క.
మళ్లీ చుట్టి తీసుకెళ్దామని దారం వెతికాను,
ఎందుకో ఆగిపోయాను.
పొయ్యి ముట్టించి మూకుడు పెడుతుంటే
నీలం గేటు కిటికీలోంచి
మెంతుల పోపు వాసన.